మనిషి పోయింది... కణాలు చావలేదు!

హెన్రియెట్టా లాక్స్ పేరు డాక్టర్లకూ, సైన్సు చదివే పిల్లలకూ బాగా తెలుసు. కానీ ఆమె కథ ముందుగా తెలియాల్సింది మన ఆడవాళ్లకేనని నాకనిపిస్తుంది.

1920లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఓ పేద నల్లజాతి కుటుంబంలో పుట్టింది హెన్రియెట్టా. నాలుగేళ్లకే తల్లి పోయింది. తాత దగ్గర, పొగాకు పొలాల్లో పనులు చేస్తూ పెరిగింది. 1941లో డే లాక్స్‌తో పెళ్లయింది. ఆయనకు ఉక్కు ఫ్యాక్టరీలో పని దొరకడంతో కాపురం బాల్టిమోర్ దగ్గరికి మారింది. ఐదుగురు పిల్లలు.

కడుపులో గడ్డలాంటిదేదో ఉందని దగ్గరి చుట్టాలతో అన్నదే గానీ చాలాకాలం ఆసుపత్రికి వెళ్లలేదు. ఐదో కాన్పు అయింది. అకాలంలో రక్తం కనబడ్డాక, 1951 జనవరిలో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రికి వెళ్లింది. నల్లవాళ్లకు వేరే వార్డులుండే రోజులవి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలింది. రేడియం చికిత్స మొదలుపెట్టారు. ఆ సంగతీ మొదట్లో ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. అక్టోబర్ 4న కన్నుమూసింది. అప్పటికామె వయసు 31.

చికిత్స సమయంలో ఆమెనడక్కుండానే తీసిన చిన్న ముక్క జార్జ్ గై అనే శాస్త్రజ్ఞుడి ల్యాబుకు చేరింది. అంతకుముందు అక్కడ పెంచాలని చూసిన మానవ కణాలన్నీ కొన్నాళ్లకే చచ్చిపోయేవి. ఇవి మాత్రం దాదాపు రోజుకోసారి రెట్టింపయ్యాయి! ‘హేలా’ కణాలంటే అవే. పోలియో టీకా పరీక్షలకూ అవే ఉపయోగపడ్డాయి. ఆమె పిల్లలకు ఈ సంగతి తెలిసింది 1970ల్లో.

ఇంతకీ అవెందుకు చావలేదు? మన ఒంట్లో కణం పాడైతే దాన్ని బాగుచేయించడానికో, కుదరకపోతే దానంతటదే చచ్చిపోయేలా చేయడానికో పీ-53 అనే ప్రోటీన్ కాపలా కాస్తుంది. 1980ల్లో జర్మనీకి చెందిన హరాల్డ్ జుర్ హాసెన్ బృందం హేలా కణాల్లో హ్యూమన్ పాపిలోమా వైరస్-18 ఉందని కనిపెట్టింది. ఈ వైరస్ తయారుచేసే ఈ-6 అనే ప్రోటీన్, పీ-53ని పట్టించి నాశనం చేయిస్తుంది. ఈ-7 అనే ఇంకోటి, కణం విభజనకు వేసిన బ్రేకులు తీసేస్తుంది. కాపలా లేదు, బ్రేకులూ లేవు... ఇక చావాల్సిన కణం పెరుగుతూనే పోతుంది. ల్యాబులో ఆ వైరస్ ప్రోటీన్లను అణిచేసి చూస్తే పీ-53 మళ్లీ పుంజుకుంది, హేలా కణాల జోరూ ఆగింది. అంటే కాపలాదారు మంచివాడే, వైరస్సే వాణ్ని నిలవనివ్వలేదన్నమాట. జుర్ హాసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది.

భయపడాల్సిన పనిలేదు. ఈ వైరస్ సోకినా చాలామందిలో ఏడాది రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోకుండా ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తేనే ప్రమాదం. ఇప్పుడు దీనికి టీకా ఉంది. 9 నుంచి 14 ఏళ్లలోపు ఆడపిల్లలకు వేయిస్తే మంచిది. 30 దాటినవాళ్లు గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకుంటే, క్యాన్సర్‌గా మారకముందే తేడా తెలిసిపోతుంది.

హెన్రియెట్టా కాలంలో ఆ టీకా లేదు. ఆ పరీక్షా ఇంకా ఊరూరా రాలేదు. మనకు రెండూ ఉన్నాయి. ఇక సిగ్గుపడి దాచుకోవడమెందుకు? నెలసరి కాని రోజుల్లో రక్తం కనబడినా, ముట్లుడిగాక కనబడినా, కలయిక తర్వాత కనబడినా ఆ వారంలోనే డాక్టరుకు చూపించుకోండి. ఇంట్లో అమ్మకీ, అత్తగారికీ కూడా చెప్పండి.