కమ్మరి కుమారుడు మైఖేల్ ఫారడే

సాయంకాల ఆరాధనకు వచ్చి స్విచ్చి వేయగానే మందిరములో దీపములు వెలుగును. పొలములో మోటారు నీళ్లు తోడును. ఈ రెండింటి వెనుకను ఒక బీద విశ్వాసి ప్రయాస యున్నదని మనలో ఎందరికి తెలియును?

మైఖేల్ ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లండను పట్టణము చెంత జన్మించెను. తండ్రి కమ్మరి, తరచుగా రోగి. ధాన్యపు ధరలు పెరిగిన 1801లో ఆ బాలునికి వారమునకు ఒక్క రొట్టె మాత్రమే దొరికెనందురు. ఆ కుటుంబమువారు శాండిమేనియన్లను ఒక చిన్న సంఘమునకు చెందినవారు. చదువుట, వ్రాయుట, కొద్దిపాటి లెక్కలు, ఇంతే అతని బడి చదువు. 13వ యేట పుస్తకములకు అట్టలు కట్టు దుకాణములో పనికి కుదిరెను. తాను కుట్టిన పుస్తకములనే చదువుచు విద్యుత్తును గూర్చి నేర్చుకొనెను.

1812లో ఒకరు దయతో ఇచ్చిన టిక్కెట్లతో సర్ హంఫ్రీ డేవీ అను శాస్త్రజ్ఞుని ఉపన్యాసములు వినెను. వినినదంతయు వ్రాసి, తానే బైండు చేసి, ఆయనకు పంపెను. మరుసటి సంవత్సరము రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో వారమునకు 25 షిల్లింగుల జీతముపై సహాయకుడాయెను.

1821లో సారా బర్నార్డును వివాహమాడి, ఆ యేటనే సంఘము ఎదుట తన విశ్వాసమును ఒప్పుకొనెను. విద్యుత్తు ప్రవహించు తీగ అయస్కాంతము చుట్టు తిరుగునట్లు చేసినదియు ఆ యేడే. నేటి మోటారునకు అదియే మూలము. అయస్కాంతము వలన విద్యుత్తును పుట్టించవలెనని పది సంవత్సరములలో పలుమార్లు ప్రయత్నించి ఓడిపోయెను. కదలని అయస్కాంతమును తీగ చెంత ఎంతసేపు ఉంచినను ఫలము లేదు. 1831 అక్టోబరు 17న తీగచుట్టలో అయస్కాంతమును చొప్పించుచు తీయుచు ఉండగా విద్యుత్తు పారెను. ఆ నెల 28న అయస్కాంతపు కొనల మధ్య రాగి పళ్లెమును త్రిప్పి, ఎడతెగని ప్రవాహమును పొందెను. మొదటి జనరేటరు అదియే.

1955లో విద్యుదుత్పత్తి ప్రారంభించిన మాచ్‌ఖండ్‌లోను, శ్రీశైలములోను నీరు చక్రమును త్రిప్పును. రామగుండములో బొగ్గుమంటతో పుట్టిన ఆవిరి త్రిప్పును. గాలిమరను గాలి త్రిప్పును. త్రిప్పునది ఏదైనను, లోపల జరుగు పని ఫారడే కనుగొన్నదే. సూర్యరశ్మి పలకలు మాత్రము వేరు మార్గమున పనిచేయును.

ఇట్టివాడు ధనవంతుడు కాగలిగియుండెను. కంపెనీల కొరకు పరీక్షలు చేసిపెట్టి మంచి ఆదాయము పొందుచుండెను. పరిశోధనకు సమయము చాలదని దానిలో అధికభాగమును విడిచిపెట్టెను. తాను కనుగొన్న వాటికి పేటెంటు తీసికొనలేదు. రాయల్ సొసైటీ అధ్యక్షపదవి ఇయ్యబోగా ఒల్లననెను.

అంతకంటె కఠినమైన పరీక్ష సంఘములోనే వచ్చెను. 1840లో పెద్దగా ఎన్నుకొనబడి, ఆదివారములలో వాక్యము బోధించుచుండెను. 1844లో ఆ సంఘము అతనిని మరికొందరితో కూడ వెలివేసెను. దేశదేశముల పండితులు గౌరవించు ఆ మనుష్యుడు, సామాన్యులతో నిండిన ఆ చిన్న సంఘము తీర్పునకు లోబడెను. వేరొక సంఘమును వెదకుకొనలేదు. కొన్ని వారములకు తిరిగి చేర్చుకొనబడెను గాని, పెద్దరికము రాలేదు. పదునారేండ్లు వెనుక బల్లమీద కూర్చుండువారివలె సామాన్య సభ్యుడై యుండి, 1860లో మరల పెద్ద ఆయెను.

1867 ఆగష్టు 25న ఆయన నిద్రించెను. ఆయన కోరినట్లే ఆడంబరము లేకుండ సమాధి చేసిరి.

ప్రియ చదువరులారా, మన సంఘములలో పెద్దరికము పోయిన దినమున ఎందరు మందిరమునకు రాక మానుచున్నారు? లోకమునకు శక్తినిచ్చినవాడు తన కొరకు అధికారమును వెదకలేదు. ఈ నెలలో ఒక సాయంకాలము, దీపము వెలిగించిన పిమ్మట, ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయమును ఇంటివారందరు కూడి చదువుడి.