శీలమే విద్యగా జీవించిన రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు

చదువుకొన్నవారెల్లరు మంచివారగుదురా? ఈ ప్రశ్న ప్రాచీనమైనదే. అక్షరము రాని రైతు ఇచ్చిన మాటకు కట్టుబడుటయు, పట్టభద్రుడైన పెద్దమనిషి నమ్మినవానిని వంచించుటయు మనమందరము చూచియున్న విషయములే. అయినను విద్యవలన శీలమునకు ప్రయోజనము లేదని చెప్పుటకు మనసొప్పదు. మానవునకు మంచితనము గ్రంథమునుండి వచ్చునా, గురువునుండి వచ్చునా, చుట్టునున్న సంఘమునుండి వచ్చునా? ఈ ప్రశ్నకు తన జీవితమునే సమాధానముగా ఇచ్చిన ఆంధ్రుడొకడు కలడు. ఆయనయే సర్ రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు. మన పెద్దలు ఆయనను బ్రహ్మర్షి అని గౌరవించిరి. నేటి యువతలో ఆ పేరు వినినవారు అరుదుగుటచేత, ఆ మహనీయుని చరిత్రమును ఇచట సంగ్రహముగా స్మరించుట ఉచితమని తలంచెదను.

నాయుడుగారు 1862 అక్టోబరు 1వ తేదీన మచిలీపట్టణమున జన్మించిరి. తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యమున సుబేదారు. తల్లి శేషమ్మగారు. సైన్యోద్యోగి బిడ్డకు ఒక ఊరు, ఒక బడి అని స్థిరముగా నుండుట సాధ్యము కాదు. తండ్రికొలువు వెంట బాలుడు ఆంధ్రదేశమును విడిచి ఉత్తరమునకు పోయెను. చాందాలోను, పిదప హైదరాబాదులోను చదువుకొనెను. ఉర్దూ, పారశీక భాషలతో పరిచయము చిన్ననాడే కలిగెను. బదిలీల సంసారము మనకు క్రొత్త కాదు. క్రొత్త ఊరు, క్రొత్త భాష, క్రొత్త తోడివారు: ఇవి పసివానిని బెదరించునవే. కాని పరాయిభాష మాటలాడువాడును మనవంటి మనిషియే యని ఎరుగుటకు ఇంతకు మించిన పాఠశాల లేదు. కులమతభేదములను లెక్కింపని ఆయన స్వభావమునకు ఈ బాల్యమే పునాది యైయుండవచ్చును.

ఉన్నత విద్యకై నాయుడుగారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో ప్రవేశించిరి. ఆనాడు దానికి విలియం మిల్లరు దొర అధ్యక్షుడు. స్కాట్లండు దేశమునుండి వచ్చి, దక్షిణదేశపు యువకుల విద్యకై తన జీవితమును ధారవోసిన ఆచార్యుడాయన. శిష్యుల పరీక్షాఫలితములతో తృప్తి చెందక, వారి నడవడిని గూర్చి కూడ విచారించుట ఆయన పద్ధతి. నాయుడుగారు ఆ గురువును జీవితాంతము భక్తితో స్మరించిరి. గురువు మతమును మాత్రము స్వీకరింపలేదు. రాజా రామమోహనరాయలు 1828లో స్థాపించిన బ్రహ్మసమాజము బోధించు ఏకేశ్వరారాధన, సర్వమానవ సోదరత్వము ఆయన హృదయమును ఆకర్షించినవి. క్రైస్తవ గురువునకు ప్రియశిష్యుడై, బ్రహ్మసమాజికుడై, తెలుగువాడై ఏకకాలమున నిలుచుట ఆయనకు కష్టముగా తోచలేదు.

చదువు ముగిసిన పిమ్మట ఆయనకు గల ప్రతిభకు ప్రభుత్వోద్యోగమో, న్యాయవాద వృత్తియో లభించుట దుర్లభము కాదు. ఆయన ఉపాధ్యాయ వృత్తినే కోరుకొనిరి. యౌవనముననే భార్యావియోగము సంభవించెను. మరల వివాహమాడక, నిరాడంబరముగ తెల్లని వస్త్రములను, తెల్లని తలపాగను ధరించి శేషజీవితమును గడపిరి. విద్యార్థులనే తన బిడ్డలవలె చూచుకొనిరి.

మద్రాసున కొంతకాలము బోధించి, నాయుడుగారు జన్మస్థలమగు బందరునకు వచ్చి నోబిల్ కళాశాలలో ఆంగ్లోపన్యాసకులైరి. అచట వారి తరగతిలో కూర్చుండినవారిలో ముగ్గురు మిత్రులు కలరు: కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు. 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించినవారు ఈ మువ్వురే. ముట్నూరివారు కృష్ణాపత్రికను జాతికి దీపముగా నిలిపిరి. పట్టాభిగారు 1923లో ఆంధ్రాబ్యాంకును నెలకొల్పిరి. 1948లో కాంగ్రెసు అధ్యక్షులైరి. గురువుగారు రాజకీయములలో శిష్యుల మార్గమును త్రొక్కినవారు కారు. బ్రిటిషు ప్రభుత్వము ఆయనకు 1924లో సర్ బిరుదు నొసగెను. శిష్యులు ఆ ప్రభుత్వమునే ఎదిరించి చెరసాలలకు పోయిరి. అయినను సొంతలాభము చూచుకొనక పదిమందికొరకు పాటుపడుట, నమ్మిన దానికొరకు కష్టము నోర్చుట అను సంస్కారము ఆ తరగతిలో బలపడినదేనని చెప్పవచ్చును. నిజమైన గురువు తన అభిప్రాయములను శిష్యులకు అంటగట్టడు. తనకు తోచిన సత్యమును నిర్భయముగా పట్టుకొను బలమును వారికిచ్చును.

ఇంతవరకు విద్యను గూర్చిన మాట. ఇక సంఘమును గూర్చి ఆలోచింపవలసి యున్నది. ఆ కాలమున గొప్పవారి ఇండ్ల వివాహములలో భోగముమేళములు పెట్టించుట మర్యాదగా నుండెడిది. న్యాయాధిపతులు, న్యాయవాదులు, పట్టభద్రులు, వయోవృద్ధులు వరుసగా కూర్చుండి చూచెడివారు. పిల్లలు వారి ప్రక్కనే కూర్చుండెడివారు. ఆ మేళములో నిలిచిన స్త్రీకి వివాహ జీవితము నిషిద్ధము. ఆమె కుమార్తెకు అదే గతి. ఈ అన్యాయము ఆ చదువుకొన్న సభికులకు తెలియనిది కాదు. అందరును చేయుచున్నారు గనుక ఎవరికిని తప్పుగా తోచలేదు. మనిషిని మంచివానిగా చేయగల సంఘమే చెడుగును మర్యాద యని నేర్పగలదను సత్యమును నాయుడుగారు ఇచట గ్రహించిరి. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు 1881లో మొదటి వితంతు వివాహమును జరిపించి లోకముతో పోరాడుచుండగా, నాయుడుగారు సాంఘిక పవిత్రతోద్యమమునకు పూనుకొనిరి. మేళములు పెట్టించు వేడుకలకు పోరాదని యువకులచేత ప్రతిజ్ఞలు చేయించిరి. మద్యపానమును మానుటకును అట్లే ప్రబోధించిరి.

ఈ ఉద్యమమునకు రెండవ ప్రక్క కూడ కలదని నేటి పరిశోధకులు చెప్పుచున్నారు. వేడుకలు ఆగిపోగా కళావంతుల కుటుంబములు జీవనోపాధిని కోల్పోయినవి. తరతరముల నాట్యకళకు దెబ్బ తగిలెను. నిందలో అధికభాగము పోషించిన ధనవంతులపై గాక ఆ స్త్రీలపైనే పడెను. ఈ మాటలు త్రోసివేయదగినవి కావు. చెడుగును ఖండించుటతో సంఘముయొక్క బాధ్యత తీరదు. ఆ చెడుగువలన నష్టపడినవారికి క్రొత్త నీడ చూపవలెను. కాకినాడలో నాయుడుగారు చేసిన పనిని పరిశీలించినచో, ఈ నీడ నిచ్చు ధర్మమే అచట ప్రధానముగా కానవచ్చును.

కాకినాడ చేరుటకు పూర్వము ఆయన 1899 మొదలు కొన్ని సంవత్సరములు సికిందరాబాదు మహబూబు కళాశాలకు అధ్యక్షులుగా నుండిరి. 1893లో స్వామి వివేకానందులు ఉపన్యసించిన విద్యాలయమది. అచటినుండి పిఠాపురము రాజావారి కళాశాలాధ్యక్షులై కాకినాడకు వచ్చి 1919 వరకు ఆ పదవిని నిర్వహించిరి. పిఠాపుర సంస్థానాధీశులు రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు బహద్దరువారికి ఆయనపై అపారమైన గురుభావము. గురువు సంకల్పించెను, రాజు ధనమిచ్చెను. కాకినాడలో అనాథ శరణాలయము వెలసెను. అంటరానివారని సంఘము దూరముంచిన కులముల బాలురకు వసతిగృహము, భోజనము, చదువు లభించెను. బాలికలు బడికి పోవుటయే వింతగానున్న రోజులలో, స్త్రీలు పురుషులతో కలిసి ఒకే కళాశాలలో చదువుటకు ద్వారములు తెరువబడెను. బ్రహ్మసమాజ మందిరము కట్టబడెను. కులభేదము లేక అందరును ఒక్కచో కూర్చుండి ప్రార్థించుట ప్రారంభమయ్యెను.

ఈ పనులన్నింటిని వేరువేరు దానధర్మములుగా చూచుట చాలదు. వీని వెనుక నొక ఆలోచన కలదు. మనుష్యులందరు సమానులని తరగతిలో ఎన్ని పాఠములు చెప్పినను, ఇంటికి పోయి వేరువేరు పంక్తులలో కూర్చుండు విద్యార్థికి ఆ పాఠము పుస్తకములోనే మిగిలిపోవును. తన ప్రక్కబల్లపై కూర్చున్న అనాథ బాలుడు తనకంటె చక్కగా లెక్క చేసిననాడు, తనతో సమానముగా ఒక యువతి షేక్స్‌పియరును చదివిననాడు, వాని మనస్సు మారును. పాఠము చెప్పినదానిని చుట్టునున్న జీవితము ధ్రువపరచవలెను. ఆ జీవితము లేనిచోట దానిని కల్పించుటయే నాయుడుగారు చేసిన పని. తమ జీతములో అధికభాగమును పేదవిద్యార్థులకు వెచ్చించుటచేత, ఆయన బోధ వినువారికి బోధకుని జీవితముపై సందేహము కలుగుటకు తావు లేకపోయెను.

ఆ కాకినాడ వాతావరణమున పెరిగినవారిలో దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు ఒకరు. తెలుగు భావకవిత్వమునకు కిరీటమువంటి ఆ కవి, వైదిక కుటుంబమున పుట్టియు, యౌవనమున నాయుడుగారి ప్రభావమునకు లోనై బ్రహ్మసమాజము వైపు తిరిగిరి. సంఘసంస్కరణకు కృషి చేసిరి. ఉద్యోగులు, ఉపాధ్యాయులు, న్యాయవాదులు అనేకులు ఆయన శిష్యులమని చెప్పుకొనుటయే గౌరవముగా భావించిరి. గురువుగారి ఉపన్యాసములను, ప్రార్థనోపదేశములను శిష్యులు వేమూరి రామకృష్ణారావుగారు సంపుటములుగా ప్రకటించి గురుఋణమును తీర్చుకొనిరి.

1925లో నాయుడుగారు మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి. 1928 వరకు ఆ పదవి నలంకరించిరి. ఆ కాలముననే, 1926లో, ఆంధ్ర విశ్వవిద్యాలయము అవతరించెను. పదవి ముగిసినపిదప కాకినాడకే మరలి వచ్చి, 1939 మే 26వ తేదీన పరమపదించిరి. స్త్రీలను దేవదాసీలుగా అంకితము చేయు ఆచారమును నిషేధించు చట్టము మద్రాసు రాష్ట్రమున 1947లో వచ్చెను. దానిని చూచుటకు ఆయన లేరు.

ఇట్టి చరిత్రము యమునకు తూర్పున, లక్ష్మీ నగర్‌లో వసించు మనకేల అని కొందరు తలంపవచ్చును. మన పేట విద్యకు పేరుపొందినదే. చార్టర్డు అకౌంటెంటు పరీక్షలకు శిక్షణ నిచ్చు కోచింగు కేంద్రములు వీధివీధిని కలవు. దేశపు నలుమూలలనుండి బాలబాలికలు వచ్చి, ఇరుకు గదులు అద్దెకు తీసికొని, రాత్రింబవళ్లు చదువుచున్నారు. వారిలో తెలుగు పిల్లలు కూడ కలరు. లెక్కను తప్పులేకుండ వ్రాయుట వారికి చక్కగా నేర్పబడుచున్నది. రేపు ఒక యజమాని తప్పుడు లెక్కపై సంతకము చేయుమని కోరినపుడు, కాదని చెప్పు ధైర్యము వారికెవరు నేర్పుదురు? అది పరీక్షలో అడుగబడు ప్రశ్న కాదు. కార్యాలయములలో దస్త్రములపై సంతకములు చేయు మనకును ఆ ప్రశ్న క్రొత్తది కాదు. చట్టము తెలియుట యొకటి. ఒంటరిగా నిలిచి చట్టమును పాటించుట యొకటి. ఒంటరివానికి వెనుక ఒక సంఘము నిలిచి, నీవు చేసినది మంచి పని యని చెప్పినచో ఆ నిలుచుట సులభమగును.

సాంస్కృతిక సంఘములకు గల గొప్ప ప్రయోజనము ఇదియే యని నా విశ్వాసము. ఉగాది పచ్చడి పంచుకొనుట, సంక్రాంతికి ముగ్గుల పోటీలు పెట్టుట, పిల్లలచేత పద్యములు చదివించుట సంతోషకరములే. వానితోపాటు, ఊరువిడిచి వచ్చి గదిలో ఒంటరిగా చదువుకొను విద్యార్థిని నెలకొకసారి ఇంటికి భోజనమునకు పిలుచుట, పదవీ విరమణ చేసిన పెద్దలు ఉచితముగా పాఠములు చెప్పుట, ఏ కులమువాడని అడుగక అందరిని ఒకే పంక్తిలో కూర్చుండబెట్టుట కూడ సంఘధర్మములే. కట్నము పుచ్చుకొన్న పెండ్లిని మెచ్చుకొను సంఘము పిల్లలకు ఏమి నేర్పుచున్నదో, లంచము ముట్టని ఉద్యోగిని సన్మానించు సంఘము ఏమి నేర్పుచున్నదో పెద్దలు యోచింపవలెను. మనము దేనికి చప్పట్లు కొట్టుదుమో దానినే పిల్లలు మంచి యని నేర్చుకొందురు.

నాయుడుగారికి రాజు ధనసహాయము లభించెను; మనకు రాజులు లేరు. కాని ఆయన మొదలిడినది ధనముతో కాదు. తరగతి గదిలో నలుగురు విద్యార్థులతోను, తన నడవడితోను మొదలిడెను. ఆ రెండును మనకు లభ్యములే. ఆ మహనీయుని స్మృతి మన ఇండ్లలోను, మన సంఘములోను చిరకాలము వెలుగుచు, మన బిడ్డలకు మార్గదర్శకమగు గాక!