వోలేటి పాట: అటకల మీద మిగిలిన కచేరీలు

వోలేటి వెంకటేశ్వర్లు గారి పాట మన ఇళ్లలో ఎంతమంది దగ్గర ఉందో ఎవరూ లెక్క చూడలేదు. ఆయన పాడినదానిలో గ్రామఫోను కంపెనీల దాకా వెళ్లింది చాలా తక్కువ. తక్కినదంతా రేడియో టేపుల్లోనూ, కచేరీలకు వెళ్లిన రసికులు పట్టుకొచ్చిన స్పూళ్లలోనూ, క్యాసెట్లలోనూ ఉండిపోయింది.

ఆయన 1928లో రాజోలులో పుట్టారు. అడవిపొలం వారికి అదేమీ పరాయి ఊరు కాదు. గౌతమి దాటి ఎదుర్లంక, అమలాపురం మీదుగా పోతే వచ్చేదే. కాకినాడలో మునుగంటి వెంకటరావు పంతులు గారి దగ్గర, ఆ తర్వాత శ్రీపాద పినాకపాణి గారి దగ్గర నేర్చుకున్నారు. పాణి గారు వృత్తికి వైద్యులు. నేదునూరి కృష్ణమూర్తి, నూకల చినసత్యనారాయణ వంటి వారు కూడా ఆయన చేతి కిందే తయారయ్యారు. వోలేటి గారికి బడే గులాం అలీఖాన్ పాటంటే ప్రాణం. ఆ హిందూస్తానీ పోకడను కర్ణాటక సంగీతంలో అతుకు కనబడకుండా కలుపుకున్నారు.

ఉద్యోగం విజయవాడ ఆకాశవాణిలో. 1948లో మొదలైన ఆ కేంద్రమే ఆయన్ను ఇంటింటికీ తెచ్చింది. యానాం 1954 దాకా ఫ్రెంచివారిది, తర్వాత పుదుచ్చేరిది. తెలుగు పాట కోసం మాత్రం మనం తిప్పుకున్నది విజయవాడనే. భక్తిరంజని, సంగీత శిక్షణ విని ఆయన గొంతు గుర్తుపట్టేవారు మనలో ఇంకా ఉన్నారు. పేరు కోసం ఊళ్లు తిరిగిన మనిషి కాదాయన. అందుకే బయట రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం. 1989 డిసెంబరులో కన్నుమూశారు.

ఇప్పుడు ఆ టేపుల సంగతి. ఎవరి ఇంట్లోనైనా ఉంటే, ముందు పాత డెక్కులో పెట్టి వాయించకండి. తేమకు జిగురెక్కిన టేపు హెడ్డుకు అంటుకుని పొర లేచిపోతుంది. అలా పోయిన పాట మళ్లీ రాదు. బూజు, జిగురు ఉన్నదాన్ని ఈ పని తెలిసినవారికే ఇవ్వాలి.

రెండోది వేగం. కచేరీలో రికార్డరు మోటారు నిదానంగా తిరిగి ఉంటే, ఇప్పుడు సరైన వేగంలో వాయించినా పాట పరుగెడుతుంది. ఆరు శాతం తేడా చాలు, అర శ్రుతి పైకి పోతుంది, గొంతు సన్నబడుతుంది. టేపులో కరెంటు గుర్రుమనే మోత పడి ఉంటే అదొక ఆధారం. మన కరెంటు 50 హెర్ట్జులది కనుక, ఆ మోత అంతకంటే బాగా హెచ్చుగా వినిపిస్తే టేపు వేగంగా నడుస్తోందన్నమాట. ఆయన మామూలుగా పాడే శ్రుతి తెలిసినవారు పక్కన కూర్చుంటే ఇంకా మంచిది.

అసలు ప్రమాదం శుభ్రం చేసేటప్పుడు ఉంది. బుస్సుమనే చప్పుడు తీసెయ్యమని కంప్యూటరుకు అప్పజెబితే, తంబురాను కూడా చప్పుడే అనుకుని తుడిచేస్తుంది. వోలేటి గారు గొంతు తగ్గించి, గాలిలా పాడే చోట్లుంటాయి. ఆయనలో గొప్పదనమంతా అక్కడే. గమకం చివర నాదం సన్నగిల్లే ఆ కొస కూడా తంబురాతో పాటే పోతుంది. కొంచెం బుస్సు మిగిలినా నష్టం లేదు. సభలో దగ్గులు, మధ్యలో పడిన భళాలు కూడా ఉండనివ్వాలి.

అందుకని ఏమీ దిద్దని నకలు ఒకటి విడిగా దాచుకోవాలి. 24 బిట్లు, 96 కిలోహెర్ట్జుల్లో ఎక్కిస్తే మేలు. దిద్దుడంతా రెండో నకలు మీదే. పెట్టె మీద తాతగారి చేతిరాత ఉంటే ఫోటో తీసి పెట్టండి. ఏ ఊరు, ఏ పందిరి, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అన్నది చాలాసార్లు ఆ అట్ట మీద తప్ప మరెక్కడా ఉండదు.