పక్షిశాస్త్రజ్ఞుడు సలీం ఆలీ

మన గౌడవెల్లి సముద్రమునకు మిక్కిలి దూరము. అయినను ఏటి మొగలయందలి బురదమేటలను గూర్చియు, వానిపై బ్రదుకు పక్షులను గూర్చియు మనము తెలిసికొనవలసినది కలదు. పక్షులకొఱకు జీవితమును ధారపోసిన సలీం ఆలీ చరిత్రము మన విద్యార్థులకు ఉపయోగకరమని తలంచి, యిట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఆయన 1896వ సంవత్సరము నవంబరు 12వ తేదీన బొంబాయిలో జన్మించెను. పసితనముననే తల్లిదండ్రులు గతింపగా మేనమామ పెంచెను. బాల్యమున ఆయనకు వేటయందు మక్కువ మెండు. ఒకనాడు తాను కొట్టిన పిచ్చుక మెడపై పసుపుపచ్చని మచ్చ యుండుట చూచి, అది యేజాతిదో తెలిసికొనగోరి బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీకి పోయెను. కార్యదర్శి మిల్లర్డు దొర ఆ బాలుని ఆదరించి, అచ్చట భద్రపఱచిన పక్షులనెల్ల జూపెను. ఆ చిన్న ప్రశ్నయే ఆయన జీవితమార్గమును నిర్ణయించెను.

పెద్దవాడైన పిదప జీవనము సుఖముగా సాగలేదు. బర్మాలో వ్యాపారము కలిసిరాలేదు. బెర్లినులో స్ట్రెసెమాన్ పండితునియొద్ద శిక్షణ పొంది 1930లో తిరిగివచ్చునప్పటికి ఉద్యోగము లేదు. అట్టి స్థితిలో, ప్రయాణపు ఖర్చులు మాత్రమిచ్చినచో జీతములేకయే సంస్థానములలోని పక్షులను పరిశీలింతునని ముందుకు వచ్చెను. ఆ విధముగా మొదట సాగినది మన హైదరాబాదు సంస్థానపు పరిశీలనయే. భార్య తెహమీనా డేరాలలో ఆయనకు తోడుగా నుండెను. 1939లో ఆమె మరణించినను, ఆ దుఃఖమును దిగమ్రింగి ఆయన పని విడువలేదు. 1941లో ప్రకటించిన పక్షిగ్రంథము దేశమంతట వ్యాపించెను.

పక్షిని కాపాడవలెనన్న అది మేయు నేలను కాపాడవలెనని ఆయన ఎఱిగెను. 1960 ప్రాంతమున దేశములోని పలుతావుల వలసపక్షుల కాళ్లకు ఉంగరములు తొడిగి విడిచి, వాని దారులను కనుగొను కార్యమును నడపెను. తమిళనాటి సముద్రతీరమందలి కోడిక్కరై అట్టి తావులలో ముఖ్యమైనది. 1967లో అది పక్షులకు రక్షితస్థలమయ్యెను.

చూచువారికి ఏటి మొగయందలి పఱ్ఱనేల పనికిరాని బురదగా దోచును. కాని ఏఱు తెచ్చిన ఒండ్రులో పురుగులు, పీతలు, నత్తలు లెక్కకు మిక్కిలిగా బెరుగును. సముద్రపు నీరు తీయగనే పక్షులు దిగును. పొట్టిముక్కు ఉల్లంకి పైపొరను వెదకును. పొడవైన వంకరముక్కు గల పక్షి లోతుననున్న పురుగును లాగును. సైబీరియానుండి వచ్చు పక్షులు తిరుగుప్రయాణమునకు వలయు కొవ్వును ఇట్టి చోటులనే కూడబెట్టుకొనును. ఆ నేలను పూడ్చినను, రొయ్యలచెరువులుగా త్రవ్వినను, అంతదూరము వచ్చిన పక్షికి తిండి కఱవగును.

మన తెలుగుసీమలో పులికాటు సరస్సు 1976లోను, గోదావరి మొగయందలి కోరింగ 1978లోను రక్షితస్థలములయ్యెను. దీనివలన జాలరులకును మేలే కలదు. మడచెట్ల వేళ్లనడుమ చేపపిల్లలు, రొయ్యపిల్లలు పెరుగును. ఆ చెట్లే గాలివాన ఉధృతిని తగ్గించును.

1976లో పద్మవిభూషణ బిరుదమందిన సలీం ఆలీ, 1987వ సంవత్సరము జూను 20వ తేదీన తన తొంబదియవయేట కాలధర్మము నొందెను. వేటతుపాకితో మొదలైన బాలుడు పక్షులకు రక్షకుడాయెను. విద్యార్థులారా! శీతకాలమున మన శామీర్‌పేట చెరువుగట్టునకు పోయినప్పుడు ఱాయి విసరక, నిలిచి చూడుడు. చూచినదానిని వ్రాసికొనుడు. సృష్టికర్త చేసిన యే ప్రాణియు నిరర్థకము కాదని మీకే బోధపడును.