క్లౌ దొరగారు – కరువు కాలువ

క్లౌ దొరగారు మన డయోసిసుకు చెందినవారు కారు. వారిది ఒంగోలు బాప్టిస్టు మిషను. మన శతాబ్ది సంచికలో పొరుగు వారి చరిత్ర ఎందుకని సంఘ పెద్దలు కొందరు అడుగవచ్చును. ఆకలిగొన్న వానికి మనము చేయు సహాయమునకును, వానికి మనము చెప్పు సువార్తకును మధ్య ఎంత దూరముండవలెనో ఆయన చేసి చూపిరి గనుక వ్రాయుచున్నాము.

జాన్ ఎవరెట్ క్లౌ 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించిరి. యౌవనములో మిన్నెసోటా ప్రాంతమున భూములు కొలుచు సర్వేదారుల వద్ద పనిచేసిరి. ఆ విద్య ఎక్కడ అక్కరకు వచ్చునో అప్పటికి ఆయనకు తెలియదు. 1864లో భార్య హారియెట్ గారితో ఓడ ఎక్కి, మరుసటి ఏట మదరాసులో దిగి, నెల్లూరులో తెలుగు నేర్చుకొని, 1866లో ఒంగోలు చేరిరి. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అచ్చట సంఘము ఏర్పడెను. యెర్రగుంట్ల పేరయ్య గారి సాక్ష్యముతో మాదిగపల్లెలలో సువార్త ఇంటింటికి ప్రాకెను.

1876లో వానలు పడలేదు. మరుసటి ఏడును పైరు లేదు. మన పూర్వికులు దీనినే ధాత కరువు అనిరి. ఇది 1878 వరకు సాగెను. కరువనగానే మనము గింజల సంగతే తలంతుము గాని, ముందు ఎండునది బావి. బావి అడుగున మిగిలిన బురద నీరే అందరును త్రాగవలసి వచ్చును. ఆ దినములలో పల్లెవారు ఊరి బావిలో చేద వేయరాదు. ఎవరైన దయతలచి పోసినప్పుడే నీరు. బావిలో నీరు తగ్గిన కొలది ఆ దయయును తగ్గును. అట్టి నీటి వెంట కలరా వచ్చును. కలరా క్రిమిని కాక్ అను జర్మనీ వైద్యుడు గుర్తించినది 1883-84లో మాత్రమే. కావున దాని మార్గము అప్పటి వారికి సరిగా తెలియదు.

మదరాసు గవర్నరైన బకింగ్‌హాం డ్యూకు కాలమున, సముద్ర తీరము వెంబడి పడవల కాలువ త్రవ్వించు పనిని ప్రభుత్వము కరువు పనిగా సాగించెను. క్లౌ దొరగారు అందులో మూడున్నర మైళ్ల కంట్రాక్టు తీసికొనిరి. బోధకునికి కంట్రాక్టు ఏల? ఇతర కరువు పనులలో మేస్త్రీల చేతిలో మాదిగలు మోసపోవుచుండిరి, తిట్లు తినుచుండిరి. దొరగారు తన బోధకులనే పనిపై ఉంచిరి. భూమి కొలత ఆయనకు వచ్చును గనుక పని కొలిచి కూలి ఇచ్చిరి. పలుగు పట్టగలవాడు త్రవ్వెను, స్త్రీలు తట్టలు మోసిరి. పని ఆపి కూర్చున్నప్పుడు బోధకులు వారి మధ్య కూర్చుండి వాక్యము చెప్పిరి. ఆ కాలువ నీరు ఉప్పునీరు, దప్పిక తీర్చదు, పైరుకు పనికిరాదు. కాని దానిని త్రవ్వుటయే వేలమందికి అన్నమాయెను. కలరా పని స్థలమునకును వచ్చెను. అన్నిటికి విరుగుడు ఆయన యొద్ద లేదు.

ఆ కాలమున బాప్తిస్మము కోరి వచ్చినవారు లెక్కకు మించిరి. క్లౌ దొరగారు సుమారు 15 నెలలు ఎవరికిని ఇయ్యలేదు. కూలి కొరకు వచ్చినవాడెవడో, క్రీస్తు కొరకు వచ్చినవాడెవడో కరువులో తేల్చలేమని ఆయన ఎరుగుదురు. నేటికిని మనలను గంజి క్రైస్తవులని ఎగతాళి చేయువారు ఈ 15 నెలలను ఎరుగరు. మనలోనే ఎందరు ఎరుగుదురు?

ఇచ్చట మా సంగతి ఒకటి చెప్పక తప్పదు. 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్రలకు వరద వచ్చినప్పుడు మేమును కొందరు యౌవనస్థులును నీళ్ల డ్రమ్ములతో ఒక ఊరు వెళ్లితిమి. చుట్టును నీరే, త్రాగుటకు గుక్కెడు లేదు. మా చేతిలోని జాబితా సంఘ రిజిస్టరు చూచి వ్రాసినది. బిందెతో నిలుచున్న ఒక ముసలమ్మ తన పేరు అందులో ఉన్నదా అని అడిగెను. లేదు. ఆమెకు నీరు పోసితిమి గాని, ఆమె ఆ మాట అడుగవలసి వచ్చినందుకు సిగ్గుపడితిమి.

1878 జూన్ నాటికి కరువు సహాయము ముగియవచ్చెను. ఇక ఇచ్చుటకు ధనము లేదని దొరగారు తేటగా చెప్పించిరి. అయినను జనులు మరలిపోలేదు. అప్పుడు ఒంగోలుకు సుమారు 10 మైళ్ల దూరమున, గుండ్లకమ్మ ఒడ్డుననున్న వెల్లంపల్లికి వారిని రమ్మనిరి. జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నదిలో దిగి, ఒక్కొక్కరినే పేరు పిలిచి ఇచ్చిరి. ఊరి బావిని ముట్టరాని వారు ఆ నీటిలో నడుము లోతున నిలిచిరి.

తరువాతి కాలమును క్లౌ దొరగారు ఒంగోలులో బడులు, సంఘములు కట్టుటలో గడిపిరి. హారియెట్ గారు 1893లో మరణించగా, ఎమ్మా రౌషెన్‌బుష్ గారిని వివాహమాడిరి. 1910 నవంబరు 24న అమెరికాలో కన్నుమూసిరి. ఆయన జీవిత కథను ఎమ్మా గారు 1914లో గ్రంథముగా వెలువరించిరి. బకింగ్‌హాం కాలువలో పడవలు తిరుగుట ఏనాడో నిలిచిపోయెను. అయినను 2004 సునామీ నాడు తీరమున కొన్ని చోట్ల ఆ కాలువయే అల నీటిని తనలోనికి తీసికొని ఆవలి పల్లెలను కాచెను.