యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగష్టు 9, 1948) సుప్రసిద్ధ తెలుగు వైద్యుడు, జీవరసాయన శాస్త్రవేత్త. జీవకణములకు శక్తినందించే ఏటీపీ అనే పదార్థమును కండరములనుండి వేరుచేసినవారిలో ఈయన ఒకడు. ఫోలిక్ ఆమ్లము, బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్, కాన్సరు వైద్యంలో వాడే మెథోట్రెక్సేటు, ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవనాశకము ఈయన నాయకత్వం వహించిన పరిశోధనాగారమునుండి వెలువడినాయి. వీటిలో ఫోలిక్ ఆమ్లము ఆయన సొంత కుటుంబ విషాదంతో ముడిపడి ఉన్నది. అది రక్తమును బాగుచేసి నరములను బాగుచేయలేకపోయిన వైనము వైద్యులకు పెద్ద పాఠమైనది. అందుచేత ఈ వ్యాసంలో ఆ భాగము కొంత విపులంగా ఇవ్వబడినది.

బాల్యము, విద్యాభ్యాసము

సుబ్బారావు పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించాడు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో నాలుగవవాడు. తండ్రి అనారోగ్యం వలన ఉద్యోగం ముందుగానే విరమించుకొనడంతో కుటుంబం ఇబ్బందుల పాలైంది. చిన్నతనంలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం సంపాదించాలని కాశీకి పారిపోబోగా తల్లి వెనుకకు రప్పించిందని చెబుతారు. చదువులో మొదట చురుకైనవాడు కాదు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో, మద్రాసు హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణుడైనాడు. తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివి మద్రాసు వైద్యకళాశాలలో చేరాడు. మిత్రులు, కస్తూరి సూర్యనారాయణ మూర్తి ఆర్థికసాయం చేశారు. ఆ మూర్తి కుమార్తె శేషగిరినే 1919లో వివాహం చేసుకున్నాడు.

గాంధీజీ పిలుపునందుకొని సుబ్బారావు ఖద్దరు కోటు ధరించి తరగతులకు వెళ్ళేవాడు. ఇది శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డుకు నచ్చలేదు. పరీక్షలన్నీ బాగా వ్రాసినా ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. ప్రభుత్వ వైద్య ఉద్యోగం దొరకక, ఆచంట లక్ష్మీపతి మద్రాసులో నడుపుతున్న ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం బోధించాడు.

సోదరుల మరణము

ఇంతకు ముందే ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే వ్యాధితో మరణించారు. మన వైద్యులు దీనిని సంగ్రహణి అనేవారు. ఈ వ్యాధిలో ప్రేగులు ఆహారసారమును గ్రహించలేవు. విరేచనములు, నోటిపూత, నీరసము, చివరికి తీవ్రమైన రక్తహీనత కలుగుతాయి. సుబ్బారావుకు కూడా ఈ వ్యాధి సోకగా లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేద ఔషధములతో కోలుకున్నాడు. ఆ రోజులలో పాశ్చాత్య వైద్యులవద్ద దీనికి సరైన మందు లేదు. ఉష్ణమండల వ్యాధులను అధ్యయనం చేయాలనే ఆయన పట్టుదలకు ఈ మరణములే కారణమని జీవితచరిత్రకారులు భావిస్తారు.

అమెరికాలో

1920ల తొలినాళ్ళలో, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు ఇచ్చిన ధనసహాయంతో సుబ్బారావు బోస్టను చేరి హార్వర్డు ఉష్ణమండల వైద్యపాఠశాలలో చేరాడు. గర్భవతియైన భార్యను ఇంటివద్ద విడిచి వెళ్ళాడు. పుట్టిన కుమారుడు పసితనంలోనే మరణించాడు. సుబ్బారావు ఆ బిడ్డను చూడలేదు. తిరిగి భార్యను కూడా చూడలేదు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపరిచే పని చేశాడు.

సైరస్ ఫిస్కె అనే ఆచార్యునితో కలసి రక్తమూత్రములలోని ఫాస్ఫరస్ పరిమాణమును కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. ఫిస్కె - సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది జీవరసాయన పాఠ్యగ్రంథములకెక్కింది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ గురించి వీరు ప్రకటించారు (అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా ఏటీపీని కనుగొన్నాడు). 1930లో పి.హెచ్.డి. లభించినా హార్వర్డులో స్థిరమైన ఆచార్యపదవి రాలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ వద్దనున్న లెడర్లీ సంస్థలో చేరి, కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనలకు అధిపతి అయినాడు.

ఫోలిక్ ఆమ్లము

1931లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలోని గర్భిణుల రక్తహీనత ఈస్టు సారముతో నయమవుతున్నదని గమనించింది. అందులోని పదార్థమేమిటో తెలియలేదు. 1941లో పాలకూర ఆకులనుండి వేరుచేసిన ఒక పదార్థమునకు, ఆకు అనే అర్థమున్న లాటిన్ పదముననుసరించి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. ఇది ప్రకృతిలో అత్యల్ప పరిమాణంలో లభించేది కనుక రోగులందరికీ సరిపోయేంత తయారుచేయాలంటే కృత్రిమంగా నిర్మించక తప్పదు. లెడర్లీ బృందం 1945లో ఈ పని సాధించింది. ఆ ప్రకటన క్రింద పదహారు మంది పేర్లుండగా, వారి మధ్యలో సుబ్బారావు పేరు కూడా ఒకటిగా ఉన్నది. నాయకుడు తన పేరును ముందు పెట్టుకొనకపోవడం ఆయన స్వభావానికి తగినట్లే ఉన్నది.

అలబామాకు చెందిన టామ్ స్పైస్ వంటి వైద్యులు ఈ మందును వెంటనే రోగులకిచ్చి చూశారు. స్ప్రూ రోగుల రక్తము కొద్ది రోజులలోనే కోలుకొనసాగింది, ఆకలి పుట్టింది, నాలుక పూత తగ్గింది. సోదరులను బలిగొన్న వ్యాధికి మందు దొరికింది. అప్పటికి వారు మరణించి పాతికేళ్ళు దాటింది.

నరముల సమస్య

పెర్నీషియస్ అనీమియా అనే మరొక మొండి రక్తహీనతలో కూడా ఫోలిక్ ఆమ్లము రక్తమును బాగుచేసింది. ఈ వ్యాధిలో రక్తహీనతతోపాటు కాళ్ళుచేతులలో తిమ్మిర్లు, సూదులతో గుచ్చినట్లు బాధ, మంటలు, కళ్ళు మూసుకుంటే తూలిపోవడం వంటి లక్షణములుంటాయి. వెన్నుపాములోను, నరములలోను మయెలిన్ అనే పైపొర చెడిపోవడమే దీనికి కారణం. అంతవరకు దీనికి కాలేయసారమే చికిత్స. హార్వర్డులో ఉండగా సుబ్బారావు కూడా ఆ కాలేయసారముపై పనిచేశాడు.

1947 నాటికి వైద్యుల నివేదికలలో కలవరపరిచే విషయం బయటపడింది. ఫోలిక్ ఆమ్లము మాత్రమే తీసుకుంటున్న పెర్నీషియస్ అనీమియా రోగులలో, రక్తపరీక్షలు సంతృప్తికరంగా ఉన్నా కొందరికి నరముల జబ్బు కొత్తగా మొదలైంది, మరికొందరికి ముదిరింది. హైన్లి, వెల్చ్ ఈ సంగతిని 1947లో ప్రకటించారు. మందును మొదట ప్రశంసించిన స్పైస్ కూడా అదే సంవత్సరం ఇటువంటి ఫలితములనే తెలియజేశాడు. ఫోలిక్ ఆమ్లమే హాని చేసిందా, లేక లోపించిన వేరొక పదార్థం వలన జబ్బు దానంతటదే ముదిరిందా అనే చర్చ చాలాకాలం సాగింది.

ఆ వేరొక పదార్థము 1948లో ఎర్రని స్ఫటికములుగా దొరికింది. అమెరికాలో మెర్క్, ఇంగ్లండులో గ్లాక్సో సంస్థలు విడివిడిగా దానిని వేరుచేశాయి. అదే విటమిన్ బి12. రక్తకణముల తయారీలో బి12 చేయవలసిన పనిని ఎక్కువ మోతాదులో ఇచ్చిన ఫోలిక్ ఆమ్లము కొంతవరకు పక్కదారిన నెరవేర్చగలదు. మయెలిన్ విషయంలో అటువంటి పక్కదారి లేదు. రక్తహీనత అనే హెచ్చరిక గంట మ్రోగకపోవడం వలన వైద్యుడు మోసపోతాడు, నరములు శాశ్వతంగా చెడిపోతాయి.

అందువలన నేటికీ అమెరికాలో ఫోలిక్ ఆమ్లము మందుతోపాటు ఇచ్చే సమాచారపత్రంలో, పెర్నీషియస్ అనీమియాకు ఇది ఒక్కటే తగిన చికిత్స కాదనీ, రోజుకు 0.1 మిల్లీగ్రాముకు మించితే ఆ వ్యాధిని కప్పిపుచ్చవచ్చనీ హెచ్చరిక ఉంటుంది. పెద్దలు కృత్రిమ ఫోలిక్ ఆమ్లమును రోజుకు 1 మిల్లీగ్రాముకు మించి తీసుకొనరాదని 1998లో అమెరికా వైద్యసంస్థ పెట్టిన హద్దుకు కూడా ప్రధాన ఆధారం ఈ పాత రోగుల వివరములే. భారతదేశంలో నరముల బాధకు వ్రాసే అనేక మాత్రలలో బి12 యొక్క ఒక రూపమైన మిథైల్ కోబాలమిన్ కనిపిస్తుంది. బలవర్ధకము చేసిన బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లములతోపాటు బి12 కూడా కలుపుతారు. మాంసము, పాలు తక్కువగా తీసుకునేవారు అధికంగా ఉన్న దేశంలో ఇది అవసరమైన జాగ్రత్త.

ఇదే ఫోలిక్ ఆమ్లము నరముల విషయంలో మరొక మేలు చేస్తుందని సుబ్బారావు మరణించిన చాలాకాలానికి తెలిసింది. ఏడు దేశములలో జరిగిన బ్రిటిషు వైద్యపరిశోధనా మండలి ప్రయోగంలో, అంతకు ముందు నాడీనాళ లోపము గల బిడ్డను కన్న స్త్రీలకు గర్భధారణ సమయంలో 4 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లమిస్తే ఆ లోపము 72 శాతం తగ్గిందని 1991లో ప్రకటించారు.

ఇతర ఔషధములు

ఫోలిక్ ఆమ్లము లుకేమియాను వేగిరపరుస్తున్నదని అనుమానించిన బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్, దానికి విరోధులైన పదార్థములను సుబ్బారావు బృందమునుండి తెప్పించుకున్నాడు. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్ వాడిన పదహారు మంది పిల్లలలో పది మందికి తాత్కాలికంగా గుణం కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. దీని దగ్గరి బంధువే మెథోట్రెక్సేటు. హెట్రజాన్ 1947లో వెలువడింది. గోదావరి తీరంలో బోదకాలు ఎరుగని ఊరు లేని రోజులలో ఇది సామాన్యమైన సంగతి కాదు. బెంజమిన్ డుగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో ప్రకటించబడింది.

మరణము

1948 ఆగష్టు 8-9 రాత్రి సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో మరణించాడు. అప్పటికి వయసు 53. అమెరికా పౌరసత్వం తీసుకొనలేదు. 1953లో ఒక శిలీంధ్రమునకు సుబ్బారోమైసెస్ స్ప్లెండెన్స్ అని ఆయన పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలాశాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది.