ఎర్ల్ విల్బర్ సదర్లాండ్

ఎర్ల్ విల్బర్ సదర్లాండ్ (నవంబర్ 19, 1915 - మార్చి 9, 1974) అమెరికాకు చెందిన జీవరసాయన శాస్త్రవేత్త. రక్తంలో ప్రవహించే హార్మోను కణం లోపలికి ప్రవేశించకుండానే అక్కడి పనులను ఎలా నియంత్రించగలదన్న ప్రశ్నకు మొదటి స్పష్టమైన సమాధానం ఈయన పరిశోధనల వల్లనే లభించింది. హార్మోనుల పనితీరును వివరించినందుకు 1971లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ యేడు ఆ బహుమతి ఈయన ఒక్కడికే దక్కింది.

జీవిత విశేషాలు

సదర్లాండ్ కాన్సాస్ రాష్ట్రంలోని బర్లింగేమ్ అనే చిన్న ఊరిలో జన్మించాడు. 1937లో వాష్‌బర్న్ కళాశాల నుండి పట్టభద్రుడై, 1942లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుండి వైద్యపట్టా పొందాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యుడిగా పనిచేశాడు. 1945లో తిరిగివచ్చాక వైద్యవృత్తి చేపట్టాలా, పరిశోధన చేయాలా అని కొంత తటపటాయించినా, గురువు కార్ల్ కోరి ప్రభావంతో పరిశోధన వైపే మొగ్గాడు. 1953లో క్లీవ్‌లాండ్‌లోని వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో ఔషధశాస్త్ర విభాగానికి అధిపతి అయ్యాడు.

సైక్లిక్ ఎ.ఎం.పి.

ఎడ్రినలిన్ ప్రభావంతో కాలేయంలో నిలువ ఉన్న గ్లైకోజెన్ కరిగి గ్లూకోజుగా మారుతుంది. ఇందులో కీలకమైన ఎంజైము ఫాస్ఫారిలేజ్ అని సదర్లాండ్ నిర్ధారించాడు. అయితే హార్మోనులు చెక్కుచెదరని కణాలలోనే పనిచేస్తాయనీ, కణాన్ని చిదిమితే వాటి ప్రభావం పోతుందనీ ఆ రోజుల్లో చాలామంది నమ్మేవారు. సదర్లాండ్, సహచరుడు థియోడర్ రాల్ ఈ నమ్మకాన్ని లక్ష్యపెట్టలేదు. చిదిమిన కాలేయ కణాలకు ఎ.టి.పి. చేర్చి ఎడ్రినలిన్ కలుపగా ఫాస్ఫారిలేజ్ చురుకైంది. కణత్వచాలతో కూడిన మడ్డిని వేరుచేసి తేటకు మాత్రమే హార్మోను కలిపితే ఏమీ జరగలేదు. మడ్డికి హార్మోను కలిపి, అందులోంచి వచ్చిన ద్రవాన్ని మరిగించి తేటలో పోస్తే ఎంజైము మళ్ళీ చురుకైంది. మరిగిస్తే ప్రోటీనులు చెడిపోతాయి కనుక, కబురు మోసేది వేడికి తట్టుకునే ఒక చిన్న అణువని తేలింది. అదే సైక్లిక్ ఎ.ఎం.పి. హార్మోను మొదటి వార్తాహరి అయితే ఇది రెండవ వార్తాహరి.

దాదాపు అదే సమయంలో డేవిడ్ లిప్కిన్ బృందం ఎ.టి.పి. నుండి రసాయన పద్ధతిలో ఇదే పదార్థాన్ని తయారుచేసింది. ఇరువురూ తమకు దొరికినదాని గురించి లియాన్ హెపెల్‌కు ఉత్తరాలు వ్రాయగా, రెండూ ఒకటేనని ఆయన గుర్తించాడు. దీనికి ముడిసరుకైన ఎ.టి.పి.ని 1929లో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

సంకేతం మొదలవడమే కాదు, సకాలంలో ఆగడమూ అవసరమే. సైక్లిక్ ఎ.ఎం.పి.ని విచ్ఛిన్నం చేసే ఫాస్ఫోడయెస్టరేజ్ అనే ఎంజైమును కూడా ఈ బృందమే వర్ణించింది. కాఫీలోని కెఫీన్ ఈ ఎంజైమును అడ్డుకోగలదు. సంకేతం ఆగకపోతే ఏమవుతుందో కలరా వ్యాధిలో కనిపిస్తుంది. కలరా విషం పేగు కణాలలో ఈ అణువు తయారీని ఆగనివ్వదు. దానితో నీరూ లవణాలూ ధారగా బయటికి పోయి రోగి ప్రాణమే ప్రమాదంలో పడుతుంది.

సందేహాలు, తరువాతి పరిణామాలు

ఇన్ని హార్మోనులకు ఒకే వార్తాహరి ఎలా సరిపోతుందని పలువురు శాస్త్రవేత్తలు సందేహించారు. కణంపై ఏ గ్రాహకాలున్నాయి, లోపల ఏ ప్రోటీనులున్నాయి అన్నదానిపై ఫలితం ఆధారపడుతుందన్నది దీనికి జవాబు. 1968లో ఎడ్విన్ క్రెబ్స్ బృందం సైక్లిక్ ఎ.ఎం.పి.తో చురుకయ్యే ప్రోటీన్ కైనేజ్‌ను కనుగొనడంతో ఈ వాదం బలపడింది.

1963లో సదర్లాండ్ పరిశోధనకే పూర్తి సమయం కేటాయించడానికి వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి మారాడు. 1973లో మయామి విశ్వవిద్యాలయంలో చేరి, మరుసటి సంవత్సరమే 58 యేళ్ళ వయసులో మరణించాడు.

గ్రాహకమూ, సైక్లిక్ ఎ.ఎం.పి.ని తయారుచేసే ఎంజైమూ ఒకే నిర్మాణంలో భాగాలు కావచ్చునని ఈయన ఊహించాడు. ఆ ఊహ నిలువలేదు. రెంటి మధ్య జి-ప్రోటీనులు ఉంటాయని చూపిన మార్టిన్ రాడ్‌బెల్, ఆల్‌ఫ్రెడ్ గిల్‌మన్‌లకు 1994లో నోబెల్ బహుమతి లభించింది. కొన్ని గ్రాహకాలు ఉపరితలం నుండి కణం లోపలికి చేరిన తరువాత కూడా సైక్లిక్ ఎ.ఎం.పి. తయారీని కొనసాగిస్తాయని 2009లో వెలువడిన పరిశోధనలు వెల్లడించాయి.